పద్మక్క చేతిమీద వేళ్ల గుర్తులు

మా ఇంట్లో దయ్యాల మాటెత్తితే ముందు నవ్వేది నేనే. మార్కాపురంలో రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. ఏదైనా మైక్రోస్కోపు కింద కనపడితేనే నమ్ముతాను. అందుకే మా ఊరు రాచర్లలో చూసింది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మా పెదనాన్న కూతురు పద్మక్క హైదరాబాదులో ఒక పేరున్న హీరోయిన్‌కి హెయిర్‌డ్రెస్సర్. ఆ హీరోయిన్ పేరు ఇక్కడ రాయను. పెద్దమ్మకు కాలు విరిగితే అక్క సెలవు పెట్టి ఊరికొచ్చింది. బయలుదేరేటప్పుడు ఆ హీరోయిన్ గుమ్మం దాకా వచ్చి, "నువ్వు లేకపోతే నాకు భయం పద్మా, తొందరగా రా" అన్నదట. దేనికి భయమో చెప్పలేదట.

అక్క వచ్చిన వారానికి ఊళ్లో పెళ్లి ఉంటే నేనూ వచ్చాను. పెళ్లిరోజు పొద్దున అక్క నన్ను వరండాలో కూర్చోబెట్టి జడ వేస్తోంది. ఉన్నట్టుండి దువ్వెన కింద పడింది. తిరిగి చూస్తే అక్క కుడిచేయి ముందుకు చాచుకుని బిగుసుకుపోయి ఉంది.

"ఏందక్కా, ఏమైంది?"

"ఎవరో నా చెయ్యి పట్టుకున్నారే. ఇడిచిపెట్టట్లేదు."

నేను ఆ చేయి తాకాను. అంత ఎండాకాలంలోనూ మంచుగడ్డలా ఉంది. కాసేపటికి దానంతటదే వాలిపోయింది. మణికట్టు చుట్టూ వేళ్ల గుర్తులు ఎర్రగా తేలాయి. అక్కడినుంచి అరచేతి వైపు గోళ్లు గీరిన చారలు. మా ఇద్దరికీ గోళ్లు పెంచే అలవాటు లేదు.

"ఎండదెబ్బ తగిలినట్టుంది, మజ్జిగ ఇయ్యి తల్లీ" అన్నాడు పెదనాన్న. నేనూ అట్లాగే అనుకోవాలని చూశాను.

సాయంత్రం టీవీలో వార్త. ఆ పొద్దునే హోటల్ గదిలో హీరోయిన్ చనిపోయింది. తలుపు లోపల గడియ వేసి ఉంది. నిద్రలో గుండె ఆగిందన్నారు. ఒక్కతే ఉన్న గదిలో రెండు కాఫీ కప్పులు ఎందుకున్నాయో, ఆమె ఫోన్ ఏమైందో ఎవరూ చెప్పలేదు. అక్క పోలీసుల దగ్గరికి పోయి ఆమె భయపడుతుండేదని చెప్పింది. విని పంపించేశారు.

అక్కను మార్కాపురంలో చర్మం డాక్టరుకు చూపించాను. ఆయన ఆ మచ్చలు చూసి, "గట్టిగానే పట్టుకున్నారు, ఎవరమ్మా?" అని అడిగాడు. అక్క పైట చెంగు చేతిమీదికి లాక్కుంది.

అక్క మళ్లీ హైదరాబాదు పోలేదు. గిద్దలూరులో పార్లర్ పెట్టుకుంది. ఈమధ్య ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు అసలు ఎట్లా అనిపించిందని.

"నన్ను లాగినట్లు కాదే," అంది అక్క. "ఆమెను ఎవరో అవతలికి ఈడ్చుకుపోతుంటే, పోకుండా నా చెయ్యి పట్టుకునింది."

నిద్రలోనే పోయిందని ఇప్పటికీ అంటారు. నాకు తెలిసిన సైన్సులో దీనికి జవాబు లేదు. ఆ గోళ్ల చారలు మాత్రం నా కళ్లతో చూశాను.