నాకు తెలియని నా పేరు

దయ్యాలను నేను నమ్మను. ఇప్పటికీ నమ్మను. సూరత్‌లో మా లింబాయత్ గల్లీలో ఎవరికైనా పూనకం వచ్చిందని ఆడవాళ్లంతా పరుగెత్తితే, నేను మాత్రం గడపలో కూర్చుని కూలికి తెచ్చిన చీర మీద మెరుపు రాళ్లు అంటించుకుంటూ ఉండేదాన్ని. గాలి సోకిందంటే జ్వరం గోళీ వేయమనేదాన్ని. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే, ఎంత తోసేసినా ఇది నన్ను వదలడం లేదు కాబట్టే.

ముందు నా పేరు సంగతి చెప్పాలి. నా పేరు సాలవ్వ. ముగ్గురు ఆడపిల్లల తర్వాత నేను పుట్టాను. మా నాయనమ్మ నా ముఖం చూసి "ఇగ సాలు" అందట. అదే పేరైంది. నాన్న మరమగ్గాల పనికి సూరత్ వచ్చేటప్పటికి నేను చంటిపిల్లను. ఇక్కడి మునిసిపల్ తెలుగు బడిలోనూ ఆ పేరే రాయించారు. హాజరు పిలిచినప్పుడల్లా పిల్లలు నవ్వేవాళ్లు.

పెద్దయ్యాక ఎవరూ నవ్వలేదు. కానీ ఆ పేరు లోపలికి దిగిపోయింది. పిలవని ఇంటికి వచ్చినదానిలాగే బతికాను. కూర అయిపోతే పచ్చడితో తినేదాన్ని. ఒంట్లో బాగోకపోతే చెప్పేదాన్ని కాదు.

కరోనా రెండో అల వచ్చి నాకు సోకినప్పుడూ చెప్పలేదు. మా ఆయన రాజేశం మగ్గం పని నుంచి వచ్చేసరికి పొయ్యి దగ్గర కూలబడి ఉన్నాను. ఆటోవాళ్లు ఎక్కించుకోలేదు. బట్టల తానులు మోసే టెంపోలో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఒక పెద్ద హాలును వార్డుగా మార్చారు. ఇంటివాళ్లను గేటు దాటనివ్వరు. ఆయన బయటే ఆగిపోయాడు.

లోపల అందరూ తల నుంచి పాదాల దాకా పీపీఈ కిట్లు వేసుకున్నవాళ్లే. కళ్లు తప్ప ఏమీ కనిపించవు. గుజరాతీలోనో హిందీలోనో మాట్లాడతారు. నన్ను "మాసీ" అనేవాళ్లు, పిన్నీ అన్నట్టు. పక్క మంచం మీద ఒక మరాఠీ ఆమె ఉండేది. ఇద్దరికీ మాట్లాడే ఓపిక లేదు.

ఒక మధ్యాహ్నం, భోజనం డబ్బాలు ఇచ్చి వెళ్లాక, నేను ముక్కు మీది ఆక్సిజన్ మాస్కు తీసి పక్కన పెట్టాను. చావాలని కాదు. ఉండాలన్న పట్టుదల లేదు, అంతే. నేను పోతే ఎవరికి లోటు అనిపించింది. ఆ మాట ఇంతవరకు రాజేశంతో కూడా అనలేదు.

అప్పుడు ఒక ఆమె వచ్చి నా మంచం అంచున కూర్చుంది. ఆ వార్డులో ఎవరూ అలా కూర్చునేవాళ్లు కాదు. కిట్టు వేసుకునే ఉంది, కానీ చేతికి గ్లౌజు లేదు. మాస్కు మళ్లీ నా ముక్కుకు పెట్టి, నుదుటి మీద చెయ్యి వేసింది. పని చేసిన చెయ్యి, కాస్త గరుకుగా, వెచ్చగా ఉంది. అది నాకు బాగా గుర్తు.

"ముత్యం, ఇటు చూడు" అంది. తెలుగులో.

"నేను ముత్యం కాదు. సాలవ్వను" అన్నాను.

"నాకు ఎరికే" అంది. తర్వాత కళ్లు మూసుకుంది. "యేసయ్యా, ముత్యం నీ బిడ్డ. పోనియ్యకు" అంది. అంతకన్నా ఏమీ అనలేదు. నాకు నిద్ర పట్టేసింది.

మేలుకునేసరికి ఎండ గోడ మీదికి జరిగింది. పక్క మంచం ఆమె నావైపు తిరిగి ఉంది. "తుమ్హారీ బెహన్ థీ క్యా? అందర్ కైసే ఆయీ?" అని అడిగింది. నీ అక్కచెల్లెలా, లోపలికి ఎలా వచ్చింది అని.

నేను నర్సును అడిగాను. ఈ వార్డులో తెలుగు వచ్చినవాళ్లెవరూ లేరంది. డాక్టరును అడిగితే, ఒంట్లో ఆక్సిజన్ తగ్గినప్పుడు లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, భయపడకు అన్నాడు. ఆ మాటతో ఊరుకునేదాన్నే. నాకు కనిపించింది సరే, పక్కనామెకు ఎలా కనిపించింది? ఆమెను ఇంకోసారి అడుగుదామనుకునేలోపే వేరే వార్డుకు మార్చారు. ఏమైందో తెలియదు.

ఇంటికి వచ్చాక రాజేశంతో చెప్పాను. ఆయన లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"గీ ముచ్చట ఎవ్వలకు చెప్పకు. మనోళ్లు ఏమంటరో ఏమో" అన్నాడు.

తిరగడానికి బలం వచ్చాక సూరత్ దగ్గరి పల్సానా వెళ్లాను. అక్కడ బట్టలకు రంగులద్దే మిల్లులో మా పెద్దక్క భర్త పని చేస్తాడు. అమ్మ వాళ్ల దగ్గరే ఉంటుంది. వార్డులో జరిగింది అమ్మకు చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. ఉత్తగా అడిగినట్టు అడిగాను.

"అమ్మా, నాకు వేరే పేరు పెడ్దామని ఎవ్వలన్న అనుకున్నరా?"

అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తలేదు. "గదెందుకే ఇప్పుడు?"

"ఊకెనే."

"నేననుకున్న" అంది. "ముత్యమని. పుట్టంగ బుడ్డగ, తెల్లగ, ముత్యం లెక్కనే ఉంటివి."

"ఎవ్వలకు చెప్పలేదా?"

"నన్నెవ్వలడిగిన్రు? మీ నాయినకు గూడ చెప్పలే. నోట్లెకెల్లి రానియ్యలే. మనసులనే అనుకొని ఊకున్న."

అప్పుడు మొత్తం చెప్పాను. అమ్మ చేతిలోని చింతపండు పక్కన పెట్టి, నా ముఖం వైపు చూసింది. తిరిగి వచ్చేటప్పుడు దారంతా నాకు సంతోషం కంటే భయమే ఎక్కువగా ఉంది. అమ్మ మనసులోనే ఉండిపోయిన మాట ఎవరు విన్నారు?

మా ఊళ్లోనే అమ్రోలిలో ఎస్తేరుగారని ఒక రైల్వే ఉద్యోగి భార్య ఉన్నారు. వాళ్లింట్లో ఆదివారం తెలుగులో యేసు ప్రార్థన జరుగుతుందని విన్నాను. మీవాళ్లెవరైనా ప్రార్థన చేయడానికి ఆ ఆస్పత్రికి వెళ్లారా అని అడగడానికే వెళ్లాను. నా పేరు చెప్పాక ఆమె "లోపలికి రండి, సాలవ్వగారూ" అన్నారు. ఆ పేరు చివర గారు అన్న మాట నేనెప్పుడూ వినలేదు.

"మాలో ఎవరినీ లోపలికి వెళ్లనివ్వలేదమ్మా" అన్నారు ఆమె, జరిగిందంతా విన్నాక. "దేవదూత అని చెప్పేయడం తేలికే. కానీ నేను చూడలేదు కదా, చెప్పలేను."

ఆ నిజాయితీకే నేను మళ్లీ వెళ్లాను. ఒక్క ముత్యం కోసం తనకున్నదంతా అమ్ముకున్న వ్యాపారి గురించి యేసు చెప్పిన కథను ఒక ఆదివారం చెప్పారు. నేను లేచి బయటికి వచ్చేశాను. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నన్ను కూడా అలా కొనుక్కునేవాడు ఒకడున్నాడన్న మాట ఆ రోజు నాలోకి వెళ్లింది. ఎస్తేరుగారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"మీ పేరులోని చాలు అన్నది కూడా మాకు చెడ్డమాట కాదమ్మా. 'నా కృప నీకు చాలును' అని దేవుడన్న మాట మా బైబిల్లో ఉంది" అన్నారు.

బాప్తిస్మం తీసుకున్నాను. పేరు మార్చుకోలేదు. మా గల్లీలో కొందరు మాట్లాడటం మానేశారు. రాజేశం అడ్డు చెప్పలేదు, తోడూ రాలేదు. ఇప్పుడు ఒంట్లో బాగోకపోతే బాగోలేదని చెబుతున్నాను. వినేవాళ్లు విసుక్కున్నా చెబుతున్నాను.

అయినా మనసు నెమ్మదించలేదు. ఆ మరాఠీ ఆమె మంచం దగ్గర ఎవరు కూర్చున్నారు? ఆమెకూ ఒక తల్లి ఉండి ఉంటుంది కదా. ప్రార్థనలో మోకరించిన ప్రతిసారీ ఇది అడుగుతాను. జవాబు రాలేదు. వినే ఆయన ఉన్నాడని మాత్రం నమ్ముతున్నాను.

మొన్న పల్సానా వెళ్లినప్పుడు అమ్మ నన్ను పక్కకు పిలిచింది. అమ్మను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. నాన్నకు ఆమె "ఏమే". చుట్టాలకు ఫలానావాళ్ల తల్లి. అక్క వినకుండా, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ దవాఖానల ఆమె... నా పేరేమన్న తీసిందానే?"

ఆమె తీయలేదు. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. అమ్మ నా జవాబు కోసం చూస్తూనే ఉంది.