లైను అనే మాటా, మా బావా

తిరువూరులో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నాకొక పిచ్చి ఉండేది. ఒక ఇంగ్లీషు మాటను పట్టుకుని, దాన్ని ఎవరు ఏ అర్థంలో వాడుతున్నారో నోట్సులో రాసుకోవడం. తొంభైల చివర్లో నేను వెంటపడిన మాట 'లైను'.

లెక్కల మాస్టారికి అది రెండు చుక్కల్ని కలిపే గీత. తెలుగు మాస్టారికి పద్యంలో ఒక పాదం. డ్రిల్లు మాస్టారికి ప్రార్థనప్పుడు పిల్లలు నిలబడే వరస. ఎస్టీడీ బూతు ఆవిడ 'లైను కలవట్లేదండీ' అంటే ఫోను. బస్టాండులో కండక్టరు 'నాది విస్సన్నపేట లైను' అంటే ఆయన రోజూ తిరిగే దారి. కాలేజీ కుర్రాడు ఎవరికో లైను వేస్తున్నాడంటే ఆ సంగతి ఆ పిల్ల అన్నలకి తెలియకపోవడమే అందరికీ క్షేమం. నలభై దాటినా పెళ్ళి చేసుకోని మా డ్రాయింగు మాస్టారు 'మనది ఆ లైను కాదండీ' అనేవారు. ఏ లైనో మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

మా అక్క భర్త కరెంటు లైన్‌మన్. నా నోట్సు ఆయనకి పెద్ద వినోదం.

"ఏరా ఇంగ్లీషు మాస్టారూ, మా లైను ఎన్నో నంబరు?" అని అడిగేవాడు.

"పదకొండు బావా."

"పంతుళ్ళందరి తర్వాతా! ఒక్క పూట నేను లైను తీసేశాననుకో, నీ పది అర్థాలూ చీకట్లో తడుముకుంటూ కూర్చుంటాయి."

'లైన్ క్లియర్' అనే మాట నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషనుకి ఫోను చేసి, ఆ లైనులో కరెంటు ఆపమని అడగాలి. ఆపరేటరు ఆపి, రిజిస్టరులో రాసి, ఒక నంబరు చెబుతాడు. పని చేసి కిందికి దిగినవాడు ఆ నంబరు తిరిగి చెప్పేదాకా కరెంటు వదలకూడదు. ఇది పుస్తకంలో ఉన్న పద్ధతి. బావ వాళ్ళ పద్ధతి వేరు. గొంతు గుర్తుపడితే చాలు. 'నేనూ, ఎక్కుతున్నా' అంటే, 'సరే ఎక్కు' అనేవారు. నంబరు అడిగితే అవతలివాడు నొచ్చుకునేవాడు. ఒకే కంచంలో తిన్నవాళ్ళం, నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా అనేవాడు. అందుకని పెద్ద సార్లు పక్కనున్నప్పుడే నంబర్లు, రాతకోతలూ ఉండేవి.

ఆ ఆదివారం బడి లేదు కాబట్టి బావ మోపెడ్ ఎక్కి నేనూ పెనుగొలను వైపు వెళ్ళాను. స్తంభం మీద తీగ తెగి మోటార్లు ఆగిపోయాయి. మిరపతోటలు వాడిపోతున్నాయని రైతులు పొద్దుటి నుంచి బావ వెంటపడుతున్నారు. ఒక రైతు ఇంట్లోంచి బావ సబ్‌స్టేషనుకి ఫోను చేశాడు. నేను రెండడుగుల దూరంలో మజ్జిగ తాగుతున్నాను. "నేనూ, ఎక్కుతున్నా" అన్నాడు బావ. అవతల 'సరే ఎక్కు' అనడం నాక్కూడా వినబడింది.

తర్వాత జరిగింది నాకు ముక్కలుముక్కలుగా తెలిసింది. ఆ ఆపరేటరు కరెంటు ఆపాడు, కానీ రిజిస్టరులో రాయలేదు. రెండింటికి డ్యూటీ మారింది. అన్నం క్యారియరు పట్టుకుని, చెప్పడం మరిచిపోయి ఇంటికెళ్ళిపోయాడు. కొత్తగా డ్యూటీకి వచ్చినవాడు రిజిస్టరు చూశాడు. అందులో ఏమీ లేదు. కరెంటు వదిలాడు.

బావని ట్రాక్టరులో వేసుకుని తిరువూరు ఆసుపత్రికి తెచ్చాం. నర్సు బావ చేయి పట్టుకుని నరం కోసం వెతుకుతూ, "లైను దొరకట్లేదు డాక్టరుగారూ" అంది. ఆ అర్థం నాకు కొత్తది. మనిషి చచ్చిపోతుంటే కూడా నా వెధవ బుర్ర పన్నెండు అని లెక్కేసుకుంది. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. నోట్సును మర్నాడే పొయ్యిలో పెట్టాను.

దినవారాలు అయ్యాక ఆ ఆపరేటరు మా ఇంటికొచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. అతన్ని కొట్టాలని లేచినవాణ్ణి, మంచినీళ్ళిచ్చి పంపాను. అతనితో వచ్చిన ఇంజినీరు మాత్రం ఏడవలేదు.

"మాస్టారూ, ఫోను చేశాడని మీరు రాస్తే ఎంక్వయిరీ పడుతుంది. అది తేలేదాకా, భర్త పోయినందుకు మీ అక్కకిచ్చే ఉద్యోగం ఫైలు కదలదు. పర్మిషను లేకుండా తొందరపడి ఎక్కాడని రాసివ్వండి, ఉద్యోగం నేనిప్పిస్తాను. మీకు ఉద్యోగం కావాలా, పంతం కావాలా?"

అక్కకి ముప్పై ఏళ్ళు లేవు, చంకలో పిల్ల. నాకు ఉద్యోగమే కావాల్సి వచ్చింది. మంచి ఇంగ్లీషులో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. అక్క తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివింది. "ఏం రాశావురా?" అంది. "ఉద్యోగానికి అర్జీ అక్కా" అన్నాను. నేను వేలుపెట్టి చూపించిన చోట సంతకం చేసింది.

ఆఫీసులో ఎప్పుడడిగినా 'మీ అక్క లైన్లో ఉంది' అనేవారు. ఏడాది దాటాక అటెండరు ఉద్యోగం వచ్చింది. ఇంజినీరు మాట తప్పలేదు. అదే ఆఫీసులో కొత్త లైన్‌మన్లకి జాగ్రత్తలు చెప్పే మీటింగుల్లో మా బావ పేరే ఉదాహరణ. లైన్ క్లియర్ తీసుకోకుండా ఎక్కితే ఇలా అవుతుంది అని చెబుతుంటే, అక్క టీ గ్లాసులు అందిస్తూ వినేది. ఒకసారి భోంచేస్తుండగా, "ఒక్క ఫోను చేసుంటే బతికేవాడు కదరా" అంది. నేను తలెత్తకుండా పెరుగు కలుపుకున్నాను. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆయన ఫోటోకి దండ వేయడం మానేసింది. ఎందుకని నేను అడగలేదు.

ప్రమోషనుకి ఇంగ్లీషు కావాలంటే నేనే నేర్పాను. సాయంత్రాలు నా బడి పిల్లలతో పాటు కూర్చుని, వాళ్ళకంటే శ్రద్ధగా నేర్చుకుంది. ఏళ్ళు పట్టినా చివరికి ప్రమోషను వచ్చి, పాత ఫైళ్ళ గదికి మార్చారు.

ఒక మధ్యాహ్నం బడికే వచ్చింది. క్లాసులో పిల్లలున్నారని కూడా చూడలేదు. చేతిలో నా కాగితం ఉంది.

"ఇది నీ రాతేగా?"

"అవునక్కా."

"ఆరోజు నువ్వు పక్కనే ఉన్నావు. ఫోను చేశాడా, లేదా?"

"చేశాడు. అవతల సరే అనడం కూడా విన్నాను."

అరుస్తుందనుకున్నాను. ఉద్యోగం కోసమే రాశానని చెప్పడానికి నోరు తెరిచాను. అక్క నా మాట వినడం లేదు. కాగితం వంకే చూస్తోంది.

"పిల్లని నా మీద పడేసి, తొందరపడి చచ్చాడని ఇన్నేళ్ళూ ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నానురా" అంది.