దోమ లేని అడవికి నేనిచ్చిన హామీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఉన్నా ఒప్పుకునే అలవాటు లేదు. కెనడాలోని వాటర్లూలో చదువు ముగించి, చేతిలో పట్టా, సంచిలో వర్క్ పర్మిట్ పెట్టుకుని లోకం మీద పడ్డ కొత్త. అప్పటికే ఒక కాఫీ షాపులో ఉద్యోగం ఊడింది. (డ్రైవ్-త్రూలో హెడ్‌సెట్ పెట్టుకుని, కారులో వచ్చినవాళ్లను ఇంగ్లీషులో పలకరించాల్సింది పోయి, నిద్రమత్తులో "ఆఁ, చెప్పండి" అనేదాన్ని. ఒకసారైతే వాళ్లూ క్షమించేవారే.) తిరిగి తిరిగి చివరికి టొరంటో పక్కనున్న రిచ్‌మండ్ హిల్‌లో ఒక దోసెల హోటలు పై అంతస్తులో, సాంబారు వాసన మధ్య నడిచే చిన్న ట్రావెల్ ఆఫీసులో తేలాను. దాని ఓనరు వరంగల్ ఆవిడ. ఒట్టి మేడమ్ అంటే ముఖం ముడుచుకునేది, ఒట్టి ఆంటీ అంటే ఇంకా ముడుచుకునేది కాబట్టి నేను "మేడమ్ ఆంటీ" అని పిలిచేదాన్ని.

నన్ను ట్రయల్ మీద పెట్టుకుని ఆవిడ అప్పగించిన పని, దక్షిణాఫ్రికా సఫారీలు అమ్మడం. చలికాలంలో మంచు తవ్వి తవ్వి నడుం పట్టేసిన మన తెలుగువాళ్లకు అప్పుడు అక్కడ ఎండాకాలమని చెబితే చాలు, సగం పని అయిపోయేది. మిగతా సగానికి మాదొక ప్రత్యేకత ఉండేది. మేము పంపే అడవుల్లో మలేరియా లేదు. ముసలివాళ్లయినా పసివాళ్లయినా మలేరియా మాత్రలు మింగే పని లేకుండా సింహాలను చూసి రావచ్చు. బ్రోచర్‌లో ఉన్నది అంతే. నేను దానికి నా సొంత కవిత్వం జోడించేదాన్ని. అడవి గురించి నా అనుభవమా? చిన్నప్పుడు స్కూలువాళ్లు హైదరాబాద్ జూకి తీసుకెళ్తే, ఐస్‌క్రీం కోసం వరసలో నిలబడి సింహాన్ని పోగొట్టుకున్నదాన్ని నేను.

అలాంటి సమయంలో క్వినైన్ అంకుల్ ఫోన్ చేశారు. ఆ పేరు నేను పెట్టింది కాదు, మా ఊరి తెలుగు సంఘంలో అందరూ చాటుగా అనుకునేదే. ఆయన వయసులో ఉండగా పాడేరు వైపు బ్యాంకులో పనిచేసి, మళ్లీ మళ్లీ మలేరియా తెచ్చుకుని క్వినైన్ మాత్రలు మింగారట. తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ విందుల్లో ఏ విషయం ఎత్తినా చివరికి ఆ చలిజ్వరం దగ్గరికే వచ్చేవారు. దోమ పేరెత్తితే ఇప్పటికీ స్వెటర్ వెతుక్కుంటారని ప్రతీతి. ఆయన భార్య ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేసి రిటైరైన ఆంటీ. సర్వీసంతా నల్లబల్ల మీద జిరాఫీ బొమ్మ గీసి పిల్లలకు 'జి' నేర్పిన మనిషి. ఆవిడకు ఉన్నది ఒక్కటే కోరిక, పరిగెత్తే జిరాఫీని చూడాలి.

"టొరంటో జూలో చూపించాం కదమ్మా, ఆవిడకి అది సరిపోలేదట," అని అంకుల్ ఫోన్‌లో విసుక్కున్నారు.

వెనకనుంచి ఆంటీ గొంతు వినబడింది. "కంచె లోపల నిలబడ్డ దాన్ని చూస్తే చూసినట్టా? నేను గీసిందీ నిలబడేది కదా! దానికి అంతంత కాళ్లున్నది పరిగెత్తడానికే గదండీ."

"అది సరేనమ్మాయ్. అసలు సంగతి చెప్పు. అక్కడ దోమలుంటాయా?"

"మలేరియా ఫ్రీ ఏరియా అంకుల్, దోమే ఉండదు!" అన్నాను. నోరు నాది, దానికి అడ్డేముంది?

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా!"

"సరే. నన్ను నమ్మి మా సీనియర్స్ గ్రూపంతా వస్తామంటున్నారు. అక్కడ ఒక్క దోమ కనబడిందంటే మాత్రం, మన తెలుగువాళ్లెవరూ మీ ఆఫీసు మెట్లెక్కరు. అది గుర్తెట్టుకో."

పక్క బల్ల దగ్గర కూర్చుని స్పీకర్‌లో ఇదంతా విన్న మేడమ్ ఆంటీ కళ్లద్దాలు తీసి నా వైపు చూసింది. "చూడు బిడ్డా, గ్రూపుతోని నువ్వే పోతవు. మంచిగ చూపెట్టుకొస్తే నీ జాబ్ పర్మనెంట్. దోమ కనబడిందనుకో, ఆ దోమతోనే నువ్వు గూడ ఎగిరిపో."

అలా నా బతుకు ఒక దోమ రెక్కల మీద పడింది. అప్పటికీ నాకు భయం లేదు, ఎందుకంటే నేను చెప్పింది నిజమనే నమ్మాను.

భయం టొరంటో ఎయిర్‌పోర్టులో మొదలైంది. సెక్యూరిటీ దగ్గర అంకుల్ బ్యాగులోంచి ఒక బ్యాట్ బయటపడింది. మన ఇళ్లలో సాయంత్రమైతే చేతికి తీసుకునే దోమల బ్యాట్. దోమ తగిలితే ఠప్‌మని పేలే కరెంటు బ్యాట్, పచ్చరంగుది, హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నది. సెక్యూరిటీ అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, ఏ ఆట ఆడతారు దీంతో అని అడిగింది. అంకుల్ ఎంతో సీరియస్‌గా గాలిలో బ్యాక్‌హ్యాండ్ ఒకటి విసిరి చూపించారు. ఆవిడ నవ్వి వదిలేసింది. నాకు నవ్వు రాలేదు.

"అంకుల్, దోమలు లేని చోటికి బ్యాటెందుకు?"

"నీ మీద నమ్మకం లేక కాదమ్మాయ్. దోమ మీద నాకు నమ్మకం లేదు."

జోహన్నెస్‌బర్గ్‌లో దిగి, వ్యానులో గంటల తరబడి ప్రయాణించి, ఎర్రమట్టి దారుల వెంట రిజర్వు అడవికి చేరేసరికి సాయంత్రమైంది. వాన కురిసి వెలిసి ఉంది. గడ్డి, ముళ్లపొదలు పచ్చగా మెరుస్తున్నాయి. అందరికంటే ముందు దిగి గాలి పీల్చుకున్నాను. చెవి పక్కన ఎవరో సన్నగా వీణ తీగ మీటినట్టయింది. తిరిగి చూస్తే దోమ. బాగా తిన్న దోమ.

తర్వాత నేను చేసింది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సామాను సర్దిస్తానని చెప్పి అంకుల్ వాళ్ల గదిలోకి ముందే దూరి, మూలమూలా తిరుగుతూ రెండు చేతులతో చప్పట్లు కొట్టి దోమలను చంపడం మొదలుపెట్టాను. దుప్పట్లు వేయడానికి వచ్చిన ఇద్దరు పనివాళ్లు గుమ్మంలో ఆగి చూశారు. అది మా దేవుడి పూజ అనుకున్నారో ఏమో, మర్యాదగా వాళ్లూ చప్పట్లు కలిపారు. గదిలో భజన మంచి రక్తిలో ఉండగా మా సఫారీ గైడ్ వచ్చాడు. పెద్ద టోపీ పెట్టుకునే, నిదానంగా మాట్లాడే నడివయసు మనిషి. విషయం తెలుసుకుని ఆయన నవ్వాపుకోలేకపోయాడు.

"దోమలు లేవని ఎవరు చెప్పారు? మలేరియా లేదని కదా చెప్పేది!"

ఇది ఎత్తైన పొడి ప్రాంతం, మలేరియా మోసే రకం దోమలకు ఇక్కడ ఇల్లు కుదరలేదు, మామూలు దోమలు వానాకాలంలో ఎక్కడైనా ఉంటాయి, కుడితే దురద పెడుతుంది, అంతే అన్నాడు. ఒక్క ముక్క. బ్రోచర్‌లోనూ అదే రాసి ఉంది. మలేరియా ఫ్రీ అన్న మాట దగ్గరే చదవడం ఆపి, మిగతాది నేనే పూర్తి చేసుకున్నాను.

ఆ సంగతి అంకుల్‌కి చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఆ తర్వాత రోజులన్నీ తేలు కుట్టిన దొంగలా తిరిగాను. దోమల క్రీమును 'ఎండకు మంచిది' అని చెప్పి ఆయన చేతులకు రాయించాను. సాయంత్రం బయట కూర్చుంటానంటే మంట దగ్గర పొగలో కూర్చోబెట్టాను. ఆయన దగ్గుతూనే, "గాలి బాగుందమ్మాయ్, ఒక్కటీ లేదు సుమీ," అని మెచ్చుకుంటుంటే నాకు అన్నం దిగేది కాదు.

అడవి మాత్రం మాకు ఏ లోటూ చేయలేదు. బండిని పట్టించుకోకుండా గడ్డి మేసే ఖడ్గమృగం, తోక నిటారుగా ఎత్తి యాంటెనాలా పెట్టుకుని పరిగెత్తే అడవిపందులు, తనకంటే పెద్ద పేడ ఉండను వెనక కాళ్లతో తోసుకుపోయే పురుగు, అన్నీ చూశాం. చెట్టు నీడలో వెల్లకిలా పడుకున్న సింహాలను చూసి అంకుల్, "మధ్యాహ్నం మా బ్రాంచి అచ్చం ఇలాగే ఉండీదమ్మా," అన్నారు. ఆ నిశ్శబ్దంలో మా గ్రూపులో ఎవరో జంతిక కొరికితే సింహం ఒక కన్ను తెరిచింది. ఆ రోజు నుంచి గైడ్ జంతికల డబ్బా తన సీటు కింద పెట్టుకునేవాడు. (తిరిగి ఇచ్చేటప్పుడు సగం ఖాళీగా ఉండేది. సింహాలేమీ తినలేదని నా నమ్మకం.)

జిరాఫీలూ కనబడ్డాయి, కానీ అన్నీ నిలబడే ఉన్నాయి. తుమ్మ ఆకులు నములుతూ మమ్మల్ని చూసేవి. ఆంటీ మర్యాదగా నమస్కారం పెట్టి, ఎదురుచూసి, నిట్టూర్చేది. కాస్త అదిలించరాదా బాబూ అని అడిగితే గైడ్ తల అడ్డంగా ఊపాడు. జంతువులను తరమడం ఇక్కడ పెద్ద తప్పన్నాడు. "నిజమేలెండి, చూడ్డానికొచ్చి తరమడమేంటి," అని టీచరుగారు ఒప్పుకుంది. కానీ ముఖం చిన్నబోయింది.

ఆఖరి సాయంత్రం ఒక నీటిగుంట దగ్గర బండి ఆపాడు గైడ్. పెద్దా చిన్నా జిరాఫీల గుంపు నీళ్లు తాగుతోంది. ముందుకాళ్లు రెండూ బార్లా చాపి, అంత మెడనూ కిందికి వంచి, పాపం, ఎంత అవస్థ! నీళ్లు తాగేటప్పుడే వాటికి భయమెక్కువ, కదలొద్దు, మాట్లాడొద్దు అని సైగ చేశాడు. అందరం కుక్కిన పేనుల్లా కూర్చున్నాం. అప్పుడు నా ముందు సీటులో, అంకుల్ బట్టతల మీద ఒక దోమ వచ్చి వాలింది. అది లేచి ఆయన ముక్కు ముందునుంచి ఎగిరింది. అంకుల్ చెయ్యి మెల్లగా ఒళ్లోని దుప్పటి కిందికి వెళ్లింది. పచ్చరంగు బయటికి వచ్చింది. వద్దు అంకుల్ అని నేను గొంతులోనే అరిచాను.

ఠప్!

అంతటితో ఆగినా బాగుండేది. యాభై ఏళ్ల పగ తీరిన మనిషిలా ఆయన బండిలో లేచి నిలబడి, "చచ్చింది!" అని కేక పెట్టారు.

జిరాఫీలన్నీ ఒక్కసారిగా తలలెత్తాయి. మరుక్షణం పరుగు. ఎక్కడా తొందర లేనట్టు, గాలిలో ఈదుతున్నట్టు మెడలు ముందుకూ వెనక్కూ ఊగుతూ, ఎర్రటి వెలుగులో దుమ్ము లేపుకుంటూ మా ముందునుంచే పోయాయి. ఎవరూ ఫోన్ తీయలేదు. ఆంటీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పరిగెత్తుతోందే తల్లీ, పరిగెత్తుతోందే," అంటూ చిన్నపిల్లలా ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది, ఆవిడ సంతోషానికి సగం, నా ఉద్యోగానికి సగం.

గైడ్ టోపీ తీసి, అంకుల్‌ని కూర్చోమని చాలా కటువుగా చెప్పాడు. అంకుల్ కూర్చుని, బ్యాట్ నా ముఖం ముందు పెట్టారు. తీగల మధ్య సాక్ష్యం ఇంకా పొగలు కక్కుతోంది. "అమ్మాయ్, ఇదేంటి?"

"దోమ అంకుల్," అన్నాను. "ఇంకా చాలా ఉన్నాయి. మలేరియా లేదు కానీ దోమలున్నాయి. నాకు తెలియక చెప్పాను, తెలిశాక దాచాను."

ఆయన నోరు తెరిచేలోపే ఆంటీ కళ్లు తుడుచుకుంటూ, "ఏమండీ, ఇంకొక్క మాటన్నారంటే చూడండి. ఇన్నేళ్ల కాపురంలో నేనడిగింది మీరు చేసిపెట్టడం ఇదే మొదలు. దానికి కూడా ఒక దోమ సాయం రావాల్సొచ్చింది," అంది. తిరుగు ప్రయాణమంతా అంకుల్ నాతో మాట్లాడలేదు.

రిచ్‌మండ్ హిల్‌లో నేను ఆఫీసుకెళ్లిన రోజే మేడమ్ ఆంటీ ఆయనకు ఫోన్ కలిపి స్పీకర్ మీద పెట్టింది. నేను నా మగ్గు, చెప్పులు సంచిలో సర్దేసుకుని నిలబడ్డాను.

"అన్నయ్యగారూ, నిజం చెప్పుండ్రి. దోమలున్నయా అక్కడ?"

అవతల ఆయన గొంతు సవరించుకున్నారు. "ఒకటుండేదమ్మా. ఇప్పుడు లేదు."

ఇప్పుడు ఆ ఆఫీసులో మేడమ్ ఆంటీ పక్క బల్ల నాదే. పచ్చరంగు బ్యాట్ గోడకు వేలాడుతోంది, అంకుల్ కానుక. ఎవరైనా ఫోన్ చేసి దోమల సంగతి అడిగితే, ఉంటాయండీ, మలేరియా మాత్రం ఉండదు, ఎందుకైనా మంచిది మీ డాక్టరునొకసారి అడగండి అని ఆచితూచి చెబుతాను. ఆంటీ ఇప్పటికీ ప్రతి పాట్‌లక్‌లోనూ రెండు చేతులూ మెడలా ఊపుతూ ఆ పరుగు చూపిస్తుంది. చెప్పిన ప్రతిసారీ జిరాఫీలు ఎక్కువవుతున్నాయి, అంకుల్ చంపిన దోమ పెద్దదవుతోంది. అందరితో పాటు నేనూ నవ్వుతాను. కానీ ఇంటికి వచ్చేటప్పుడు, "ఒక్కటి కూడా!" అని అంత ధీమాగా చెప్పిన ఆ పిల్ల గుర్తొస్తుంది. ఇంత జాగ్రత్తగా మాట్లాడే నేను ఆ రోజు ఫోన్ ఎత్తి ఉంటే, క్వినైన్ అంకుల్ గడప దాటేవారు కాదు. ఆంటీ ఇవాళ్టికీ నిలబడ్డ జిరాఫీనే గీసుకుంటూ ఉండేది.