పెనాల్టీ బుల్లీలో ఇద్దరం

1958 జూన్ రెండో వారంలో ఆసిఫాబాద్ తాలూకాలోని ఒక బొగ్గు గనిలో చేరాను. కంపెనీ పేరు రాయను; అక్కడ పనిచేసినవాళ్లలో చాలామంది ఇంకా నాకు ఎదురుపడుతూనే ఉంటారు. నియామకపు కాగితంలో నా హోదా 'దీపాల గది అటెండెంట్, తాత్కాలికం' అని ఉంది. నన్ను తీసుకున్నది మాత్రం హాకీ ఆడడానికి. కరీంనగర్ మైదానంలో నేను ఫుల్‌బ్యాక్‌గా ఆడుతుంటే ఎవరో చూసి, గని జట్టుకు బ్యాక్ కావాలని కబురు పంపారు. ఆ రోజుల్లో గనులకు, మిల్లులకు, పోలీసులకు సొంత జట్లు ఉండేవి. ఆటగాడికి ఏదో ఒక కొలువు చూపించి జీతం ఇచ్చేవారు. పొద్దున షిఫ్టులో గనిలోకి దిగేవాళ్లకు దీపాలు అందించడం, మధ్యాహ్నం నుంచి మైదానం. ఇదీ నా ఉద్యోగం.

చొప్పదండిలో మా బాపుకు ఈ సంగతి ఎంత చెప్పినా ఎక్కలేదు. "ఆటాడితె జీతమిస్తరా? గట్లెట్లిస్తరు బిడ్డా?" అన్నాడు. ఫార్వర్డ్ అనేవాడు గోల్ కొట్టడానికి వస్తాడు, బ్యాక్ అనేవాడు అతన్ని ఆపుతాడు, నేను బ్యాక్‌ను అని విడమరచి చెప్పాను. "అంటె పొద్దంత అడ్డం నిలవడుడేనా నీ పని?" అని అడిగాడు. అవునన్నాను. ఊళ్లో ఎవరితోనూ ఈ మాట అనొద్దన్నాడు. నేను అప్పటికే వాడకట్టంతా చెప్పుకొని ఉన్నాను. కాబట్టి ఆరు నెలల తాత్కాలిక గడువు ముగిశాక పర్మనెంట్ కాకపోతే నేను ఇంటికి ఏ ముఖం పెట్టుకొని పోవాలో నాకు తెలియదు.

ఆ పర్మనెంట్ సిఫారసు మూర్తిగారి చేతిలో ఉంది. ఆయన అండర్ మేనేజర్. గనిలో మేనేజర్ తర్వాత ఆయనే. రోజూ స్వయంగా లోపలికి దిగేది ఆయనే. రాష్ట్రం కలిశాక కోస్తా నుంచి వచ్చిన మనిషి. ముప్పై ఐదేళ్లుంటాయి. ఆటల వ్యవహారం కూడా ఆయనే చూసేవారు. ఇంతవరకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఆయన స్వయంగా సెంటర్ ఫార్వర్డ్ ఆడడంలో ఉంది.

ప్రతి ఏటా టోర్నమెంటుకు ముందు ఆఫీసర్ల జట్టుకూ మా జట్టుకూ ఒక పోటీ పెట్టడం అక్కడి ఆనవాయితీ. నవంబరులో ఆ పోటీ ప్రకటించగానే మా కెప్టెన్ ఖాజా భాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన గనిలో ఇంజన్ డ్రైవరు, మైదానంలో రైట్ హాఫ్, మా అందరికీ పెద్దదిక్కు. మూర్తిగారు బంతితో నా మీదికి వస్తే ఏం చెయ్యాలని అడిగాను.

"ఆడు. నువ్వు బ్యాక్‌వి కాదా?" అన్నాడు.

సరే అని పది అడుగులు వేశానో లేదో వెనక్కి పిలిచాడు. "జర సోంచాయించి ఆడు" అన్నాడు.

ఆడమనడం ఒకటి, ఆలోచించి ఆడమనడం ఇంకొకటి; ఈ రెండు మాటల్లో ఏది పట్టుకోవాలో నాకు అంతుబట్టలేదు. మా గోల్‌కీపర్‌ను అడిగితే, సాబ్‌కు ఓడిపోవడం నచ్చదన్నాడు. మళ్లీ తనే, కావాలని గెలిపించినా నచ్చదన్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది నా పని. రెండు రోజులు అన్నం సహించలేదు.

పోటీ ఆదివారం సాయంత్రం జరిగింది. మైదానం గట్టి నేల, మీద సన్నటి బొగ్గుపొడి. గోల్ ముందు సగం వృత్తంలా గీసిన గీతను మేము 'డీ' అంటాం; దాని లోపలి నుంచి కొడితేనే గోల్ లెక్కలోకి వస్తుంది. అందుకే బ్యాక్ బతుకంతా ఆ గీత చుట్టే. రెండో సగం వరకు ఎవరికీ గోల్ లేదు. అప్పుడు మూర్తిగారు మా రెండో బ్యాక్‌ను తప్పించుకొని, గోల్‌కీపర్‌ను కూడా దాటి, డీలోకి వచ్చేశారు. ముందు ఖాళీ గోల్ ఉంది. వెనక నేనున్నాను. ఏం ఆలోచించానో గుర్తు లేదు, ఆలోచించలేదనే అనుకుంటాను. నా కర్రతో ఆయన కర్రను కొక్కెంలా పట్టి లాగాను. అది తెలిసి చేసే తప్పు. అంపైరు విజిల్ వేశాడు.

అంపైరు మా గని బడిలో డ్రిల్ సారు. పెనాల్టీ బుల్లీ ఇచ్చాడు. ఇప్పటి ఆటలో ఇది లేదు కాబట్టి వివరంగా చెప్పాలి. డీలో కావాలని తప్పు చేసిన ఆటగాడూ, ఎదుటి జట్టు ఎంచుకున్న ఒకడూ గోల్‌కు అయిదు గజాల ముందు ఎదురెదురుగా నిలబడతారు. మిగతా ఇరవై మందీ, గోల్‌కీపర్‌తో సహా, ఇరవై అయిదు గజాల గీత అవతలికి వెళ్లిపోవాలి. బంతి మధ్యలో ఉంటుంది. ఇద్దరూ కర్రతో ఒకసారి నేలను, ఒకసారి ఎదుటివాడి కర్రను తాకాలి, ఇలా మూడుసార్లు. మూడోసారి కర్రలు తాకగానే బంతి ఎవరు ముందు అందుకుంటే వాడిది. ఫార్వర్డ్ గోల్‌లోకి నెట్టాలి, బ్యాక్ డీ బయటికి పంపాలి.

ఆఫీసర్లు మూర్తిగారినే ఎంచుకున్నారు. అంత పెద్ద మైదానంలో ఆయన, నేను, పక్కన విజిల్ పట్టుకున్న డ్రిల్ సారు. నేల, కర్ర, నేల, కర్ర, నేల, కర్ర. మూడోది అయిపోయింది. నేను కదల్లేదు. ఆయన ముందు కొడతారని చూశాను. ఆయనా కదల్లేదు. బంతి ఉన్నచోటే ఉంది.

డ్రిల్ సారు కొంతసేపు చూసి, మళ్లీ మొదలుపెట్టమన్నాడు. మళ్లీ మూడుసార్లు తాకించాం. మళ్లీ ఇద్దరం ఆగాం. దూరంగా ఎవరో నవ్వారు. డ్రిల్ సారు జేబులోంచి నిబంధనల పుస్తకం తీసి వెతికాడు. ఇద్దరిలో ఎవరూ బంతిని ముట్టకపోతే ఏం చెయ్యాలో అందులో ఉన్నట్టు లేదు. పుస్తకం జేబులో పెట్టుకొని నా వైపు జాలిగా చూశాడు.

"కొట్టుర రాజేశం" అని గీత అవతలి నుంచి ఖాజా భాయ్ నా పేరు పెట్టి కేకేశాడు.

మూడోసారి మూర్తిగారు ఆగలేదు. బంతిని కుడివైపు లాక్కొని గోల్‌లోకి నెట్టారు. నా కర్ర తర్వాత ఎప్పుడో వచ్చింది. నేను వదిలేశానా, ఆలస్యం చేశానా? అప్పుడూ తెలియలేదు, ఈ రోజుకీ ప్రమాణం చేసి చెప్పలేను. ఆఫీసర్లు ఒక్క గోల్‌తో గెలిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. మూర్తిగారు మాత్రం ఎవరితోనూ చెయ్యి కలపకుండా బంగళాకు వెళ్లిపోయారు.

మర్నాడు నన్ను ఆఫీసుకు పిలిపించారు. కూర్చున్నచోటి నుంచే, "నేను పరుగెత్తుతుంటే తప్పు చేసైనా ఆపావు. ఎదురుగా నిలబడితే ఆపలేదు. ఎందుకు?" అని అడిగారు.

"నాకు తెల్వది సాబ్" అన్నాను. అబద్ధం కాదు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. దీపాల గది నుంచి తీసి నన్ను గని నోటి దగ్గర తనిఖీ పనిలో వేశారు. మాది గ్యాస్ ఉన్న గని. లోపలికి బీడీ, అగ్గిపెట్టె పోకూడదు. ఒక్క పుల్ల గీస్తే దిగినవాళ్లు ఎక్కిరారు. అందుకని దిగే ప్రతి మనిషి జేబు, నడుం, తలగుడ్డ తడిమి చూడాలి. దొరికితే వస్తువు తీసుకొని, పేరు రిజిస్టర్‌లో రాసి, ఆ షిఫ్టుకు అతన్ని వెనక్కి పంపాలి. తిట్లు తినే పని అది. ఇది శిక్షా, మరేదన్నానా అని ఖాజా భాయ్‌ని అడిగితే ఆయనకూ బోధపడలేదు. "ఫికర్ జెయ్యకు" అన్నాడు, ముఖం నిండా ఫికర్ పెట్టుకొని.

తనిఖీ అందరికీ అని పలక మీద రాసి ఉంటుంది. ఆఫీసర్లను ఎవరూ ముట్టరు. వాళ్లు తలూపి దిగిపోతారు, తనిఖీవాడు సలాం చేస్తాడు. నాకు పని అప్పగించినవాడు నేర్పించింది కూడా అదే. మొదటి రెండు రోజులు మూర్తిగారికి అలాగే సలాం చేశాను. మూడో రోజు పొద్దున ఆయన నా ముందుకు వచ్చి ఆగారు. నేను సలాం చేశాను. ఆయన కదల్లేదు. చేతులు రెండూ కొంచెం పక్కకు పెట్టి నిలబడ్డారు. వెనక నలభై మంది కూలీలు దీపాలు పట్టుకొని వరసలో ఉన్నారు.

మళ్లీ అదే పరిస్థితి. నేను ఎవరికోసం ఆగుతున్నానో నాకే తెలియలేదు. భయమేసింది, ఉన్నమాట రాస్తున్నాను. ముఖం చూస్తే చెయ్యి లేవదని ఆయన కోటు గుండీల మీద చూపు పెట్టి మొదలుపెట్టాను. పై జేబులు చూశాను, ప్యాంటు జేబులు చూశాను. కోటు లోపలి జేబులో చెయ్యి పెడితే అగ్గిపెట్టె తగిలింది. బయటికి తీశాను. అందులో నాలుగైదు పుల్లలున్నాయి.

"సాబ్, మీరు ఇయ్యాల దిగరాదు" అన్నాను.

రిజిస్టర్‌లో ఆయన పేరు, హోదా రాశాను. ఆయన దాన్ని తన వైపు తిప్పుకొని చదివి, కింద సంతకం పెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయారు. ఖాజా భాయ్‌కి తెలిసి పరుగున వచ్చాడు. "అయిపాయె. సామాను కట్టుకో. నేను బస్సు దాక వస్త" అన్నాడు. నేను నిజంగానే ట్రంకు పెట్టె సర్దుకున్నాను.

పదిహేను రోజులు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఒక కాగితం వచ్చింది. పర్మనెంట్ చేశారు. సిఫారసు చేసిన అధికారి సంతకం దగ్గర మూర్తిగారి పేరుంది. కారణం రాయలేదు. ఆయన నాకు ఆ పోటీ గురించి గాని, తనిఖీ గురించి గాని ఏమీ చెప్పలేదు. నేను పెట్టె విప్పుకొని, సంతోషపడాలో వద్దో తెలియక, సాయంత్రం ఆటకు వెళ్లాను.

నాలుగేళ్ల తర్వాత ఆయనకు బదిలీ అయింది. వెళ్లే రోజు స్టేషన్‌లో ధైర్యం చేసి, ఆ అగ్గిపెట్టె మరిచిపోయి జేబులో ఉంచారా, కావాలని పెట్టుకొచ్చారా అని అడిగాను.

"నీకు దొరికిందా లేదా? మిగతాది నీకెందుకయ్యా?" అన్నారు.

అప్పుడు కోపమొచ్చింది. నాలుగేళ్లు మోసిన ప్రశ్నకు ఇదా జవాబు అనుకున్నాను. 1968 వరకు ఆ జట్టుకు బ్యాక్ ఆడాను, తర్వాత కొత్తవాళ్లకు ఆట నేర్పాను. నేర్పేటప్పుడు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు గాని, పాఠం ఇదే చెప్పాను: వచ్చేవాడి ముఖం చూడొద్దు, బంతిని చూడు, అతను ఎందుకు వస్తున్నాడో తేల్చుకునేదాకా ఆగితే అప్పటికే గోల్ అయిపోతుంది. మూర్తిగారు ఆ పొద్దున అగ్గిపెట్టెతో నా ముందుకు ఎందుకు వచ్చారో నేను ఇంకా తేల్చుకోలేదు.