బాత్రూం తలుపు మీది గీతలు

మొన్న మా బాత్రూం తలుపు మార్చడానికి రెజిమెంటల్ బజార్ నుంచి వడ్రంగి వచ్చాడు. అడుగున చెక్క నానిపోయి తలుపు మూతపడటం లేదు. అతను కింద కూర్చుని లోపలివైపు వేలితో తడిమి, "ఏందమ్మా గీ గీతలు? ఎలుకలు గిట్ల కొరికినయా?" అన్నాడు. పిల్లి అన్నాను. "లోపలేసి మర్చిపోయిండ్రా?" అని నవ్వాడు. మర్చిపోయి ఉంటే బాగుండేది.

పిల్లి మా అత్తగారిది. ఆవిడ కాకినాడ వదిలి నేరేడ్‌మెట్‌లోని మా ఫ్లాటుకి వచ్చిన ఏడాది మెట్ల కింద దొరికిన బూడిదరంగు కూన. పదిహేడేళ్ళూ ఆవిడ మంచం కిందే పడుకుంది. నాకూ అత్తగారికీ ఉన్నపాటి సఖ్యత కూడా నాకూ దానికీ లేదు. నాతో వాదించి ఓడినప్పుడల్లా ఆవిడ మంచం కిందికి వంగి, "విన్నావుటే?" అని దానితో చెప్పుకునేవారు. అది కళ్ళు మూసుకుని ఆవిడ పక్షమే వహించేది.

అత్తగారు పోయాక పదకొండో రోజున శయ్యాదానం చేయాలన్నారు. ఏదో ఒక కొత్త మడతమంచం ఇచ్చినా చాలన్నారు పురోహితులు. ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? "ముప్పై ఏళ్ళు టేకు మంచం మీద పడుకున్న మనిషికి మడతమంచం పంపిస్తారా? అక్కడ కూడా నడుంనొప్పేనా?" అని అందరితోనూ పోట్లాడాను. గెలిచాను. పరుపు, దుప్పటి, తలగడలతో సహా మంచం ఆటో ట్రాలీ ఎక్కి పురోహితుల ఇంటికి వెళ్ళింది. ఆ మంచం కింది చోటు ఎవరి ఇల్లో ఎవరమూ ఆలోచించలేదు.

ఆ రాత్రి ఒంటిగంటకి పిల్లి మొదలుపెట్టింది. పిల్లి అరుపులా లేదది. గొంతు బొంగురుపోయిన ముసలిమనిషి ఎవరినో పిలుస్తున్నట్టుంది. బోసిపోయిన గదిలో గోడ వారగా తిరిగి, కుర్చీకి తల కొట్టుకుని, మళ్ళీ మొదటి నుంచి. తెల్లవారేదాకా అంతే. మర్నాడూ అంతే. "అమ్మ కోసం ఏడుస్తోందే," అన్నారు మా ఆయన, అని అటు తిరిగి పడుకున్నారు. నాలుగో రోజు పొద్దున్నే కింది ఫ్లాటావిడ పైకొచ్చింది. "ఏందక్కా, చావైన ఇంట్ల రాత్రంత పిల్లి ఏడ్వొచ్చునా? మా అత్తమ్మ భయపడుతున్నది. జెర ఏమన్న చెయ్యి." మీ వాడి డ్రమ్ముల సాధన మేము రెండేళ్ళుగా వినడం లేదా అని తగులుకున్నాను. మాటకి మాటా అప్పజెప్పి పంపించాను గానీ, ఆ రాత్రి ఆవిడ మీది కోపం పిల్లి మీదికి మళ్ళింది. దాన్ని మెడ పట్టుకుని తీసుకెళ్ళి బాత్రూంలో వేసి గడియ పెట్టాను. చెవుల్లో దూది పెట్టుకున్నాను. రెండు వారాల తర్వాత మొదటిసారి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

పొద్దున తలుపు తీస్తే అది గడప దగ్గర, ముందుకాళ్ళు చాపుకుని ఉంది. రెండు గోళ్ళు ఊడిపోయాయి. తలుపు అడుగున చెక్క చీలికలు, నెత్తుటి చారలు.

బేగంపేటలో పశువైద్యురాలు, మా అమ్మాయి వయసుది, కాళ్ళకి కట్టు కడుతూ అడిగింది: "దీనికి చూపు దాదాపు పోయింది మేడం. అలవాటు మీద తిరుగుతోంది. ఇంట్లో పెద్ద సామాను ఏదైనా తీసేశారా?" మంచం సంగతి చెప్పాను. ఆ పిల్ల నన్ను ఒక మాట అని ఉంటే పోట్లాడేదాన్ని.

సిగ్గు విడిచి పురోహితుల వారికి ఫోన్ చేశాను. "దానమిచ్చింది వెనక్కి అడగకూడదమ్మా," అని, మళ్ళీ తనే, "అయినా మా గదిలో పట్టలేదు, అప్పుడే అమ్మేశాను," అన్నారు.

ఆ రాత్రి నుంచి మంచం ఉన్న చోట చాప వేసి, అత్తగారి నేతచీర పరుచుకుని నేనే పడుకున్నాను. అది కుంటుకుంటూ తిరిగేది, పిలిచేది. మూడో రాత్రి ఉండబట్టలేక, "విన్నావుటే?" అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది. అది ఆగింది. చెవి ఇటు తిప్పింది. వచ్చి నా మోకాళ్ళ వెనక ఒదిగింది. నన్ను క్షమించిందని రాయను. నన్ను ఎవరనుకుందో నాకు తెలుసు. పందొమ్మిది రాత్రులు అది అలాగే పడుకుని, ఇరవయ్యో పొద్దున ఇక లేవలేదు.

వడ్రంగి పాత తలుపు తీసుకుపోతానన్నాడు, కింది ముక్క కోసేస్తే ఇంకో ఇంటికి పనికొస్తుందట. తీసుకెళ్ళమన్నాను. ఆ తలుపుకి ఇవతల నాకు ఆరుగంటల నిద్ర. అవతల దానికి ఆ రాత్రి ఎంతసేపో ఏ గడియారాన్నీ అడగలేను.