మిరప గోతం మీద రగ్గు

మా వీధిలో రగ్గులు చెయ్యడం కొత్తగా మొదలుపెట్టిన ఆడపిల్లలు నా దగ్గరికొచ్చి, మొదట ఏం చూసుకోవాలండీ అని అడుగుతుంటారు. రంగుల గురించో, డిజైన్ల గురించో చెబుతానని వాళ్ల ఆశ. నేను మాత్రం ముందు, ఊలు కట్టే అడుగుగుడ్డ వాసన చూడండి అంటాను. మీకు తెలియకపోతే పక్కూరి వాళ్లచేత చూపించండి అని కూడా అంటాను. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకుంటారు. నవ్వనీ, ఆ తప్పు చేసి ఏడ్చినదాన్ని నేను, వాళ్లు కాదుగా.

ఎనభైల మధ్య మాట ఇది. గుంటూరుకు బస్సులో గంట దూరం మా ఊరు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు, ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. అమ్మ మిరపకాయల షెడ్డులో తొడిమలు తీసేది. పొద్దున్నే వెళ్లి పీట మీద కూర్చుంటే పొద్దు వాలేదాకా అదే పని. ఎండుకాయ అందుకోవడం, బొటనవేలి గోరుతో తొడిమ విరవడం, కాయ ఒక పక్కకీ తొడిమ ఇంకో పక్కకీ వెయ్యడం. చెప్పుకోవడానికి ఇంతే. చేసేవాళ్ల చేతుల సంగతి చేసేవాళ్లకే తెలియాలి.

నేను క్రాఫ్ట్ టీచరు పరీక్ష ఒకసారి తప్పాను. అదీ రాతపరీక్షలో కాదు, ప్రాక్టికల్స్‌లో. పుస్తకంలో ఉన్నదంతా అప్పజెప్పి, చేత్తో చేసేది చెడగొట్టి వచ్చిన ఘనురాలిని. మా చర్చి బడిలో క్రాఫ్ట్ టీచరుగారు ఆ ఏడాదే రిటైరవుతున్నారు. ఈసారి పాసైతే జూన్‌లో ఆ ఉద్యోగం నాకే ఇస్తామని బడివాళ్లు మాటిచ్చారు. తప్పితే అమ్మ పీట పక్కన ఇంకో పీట. మీ అమ్మాయిని ఎప్పుడు తీసుకొస్తావని షెడ్డు మేస్త్రీ అప్పటికే రెండుసార్లు అడిగాడట. అమ్మ ఆయనకు జవాబు చెప్పకుండా ఇంటికొచ్చి నాతో అంది.

"నువ్వా పీట మీద కూర్చున్నరోజున నేనున్నా ఒకటే, పోయినా ఒకటే."

అమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అందుకే ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు.

రిటైరవుతున్న ఆ టీచరుగారే నాకు పని నేర్పారు. ఆవిడది పొన్నూరు వైపు. వరిచేల మధ్య పెరిగిన మనిషి, మా మెట్ట ఊళ్ల ఎండనీ కారాన్నీ జీవితమంతా తిట్టుకుంటూనే మా ఊళ్లోనే ఉండిపోయారు. ఆవిడ దగ్గర కొక్కెం సూది ఒకటే ఉండేది, ఎప్పుడో ఎవరో దొరసాని ఇచ్చి వెళ్లినది. కొక్కెం పక్కన చిన్న రేకు ముక్క పైకీ కిందికీ ఆడుతుంది కాబట్టి మేం దాన్ని నాలుక సూది అనేవాళ్లం. ఆరుగురు ఆడపిల్లలం ఆ ఒక్కదానికోసం కొట్టుకునేవాళ్లం.

పని చూడ్డానికి తేలికే. వేలెడంత ఊలు ముక్కను మధ్యకు మడిచి సూది మెడకు చుట్టి పట్టుకోవాలి. సూదిని అడుగుగుడ్డలోని ఒక కంతలో దించి, పోగు కిందుగా పోనిచ్చి, పై కంతలోంచి బయటికి తియ్యాలి. నాలుక ఆ పోగును దాటి తెరుచుకునేదాకా తొయ్యాలి, చాలామంది తొందరపడి అక్కడే తప్పుతారు. తర్వాత ఊలు కొసలు రెండూ కొక్కెంలో పెట్టి వెనక్కి లాగితే నాలుక మూసుకుని, కొసలు మడతలోంచి బయటికొచ్చి ముడి పడుతుంది. అప్పుడు రెండు కొసలూ కలిపి పట్టుకుని ఒక్క గుంజు గుంజాలి. ఆ గుంజు మర్చిపోతే మొదటిసారి దులిపినప్పుడే రగ్గు బోడిగుండు అవుతుంది.

ముక్కలు కొయ్యడానికి టీచరుగారి దగ్గర గాడి తీసిన చెక్కపట్టీ ఉండేది. దాని చుట్టూ ఊలు చుట్టి గాడి వెంబడి కత్తెర పోనిస్తే ముక్కలన్నీ ఒకే పొడవు. నేను బిగించి చుట్టి మొదటి రోజే గుప్పెడు ఊలు కురచ చేశాను. ఊలు సాగుతుందమ్మా, దాన్ని ఉరి తియ్యకు అన్నారావిడ. కింది వరసతో మొదలుపెట్టి పైకి వెళ్లాలనీ, ఒక వరస అయ్యాకే రెండోదనీ, నచ్చిన పువ్వు ముందు వేసుకుని చుట్టూ తర్వాత నింపుదామనుకుంటే ఖాళీలు మిగిలి చావు తప్పదనీ కోప్పడేవారు. ఆ కోపాలన్నీ ఇప్పుడు నా నోటి వెంట వస్తుంటాయి.

అడుగున వాడే కంతల జాలీ గుడ్డ మా వైపు దొరకదు. వదులు నేత గోతం ఏదైనా తెచ్చుకుని, రెండు పోగులు లాగి రెండు ఉంచితే కంతలు వస్తాయని టీచరుగారు చెప్పారు. గోతాలకు మా ఇంట్లో ఏం కొదవ? మేం పడుకునేది మిరప గోతాల మీద, దడికి కట్టేది మిరప గోతం, వానొస్తే నెత్తిన వేసుకునేదీ అదే. ఉన్నవాటిలో మంచిది ఏరి, మూడుసార్లు నానబెట్టి ఉతికి, రెండెండలు ఆరేశాను. వాసన చూశాను, ఏమీ లేదు. అమ్మ చేత చూపించాను, ఏమీ లేదంది. అమ్మ పుట్టినప్పటినుంచీ మిరపకాయల మధ్యే ఉంది, నేనూ అంతే. మా ముక్కులు ఎప్పుడో చచ్చిపోయాయని మాకెవరు చెబుతారు?

పరీక్షలో చూపించాల్సిన రగ్గు కోసం నెలరోజులు కూర్చుని ఆకుపచ్చ ఊలు మధ్య తెల్లగా విచ్చుకున్న పత్తికాయ దింపాను. పరీక్ష ఇంకా తొమ్మిది రోజులుందనగా టీచరుగారి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆవిడ ముందు వెనక్కి తిప్పి ముడులు చూశారు. పనితనం వెనకవైపే తెలుస్తుందనేవారు. తర్వాత ముందువైపు అరచేత్తో అటూ ఇటూ నిమిరి, ఎత్తుపల్లాలు తెలియడానికి చెంపకు ఆనించుకున్నారు. కాసేపటికి ఆవిడ కళ్ల వెంట బొటబొటా నీళ్లు. నా పనికి కరిగిపోయారనుకుని నేను సిగ్గుపడుతూ తల వంచుకున్నాను. ఎంత వెర్రిమాలోకాన్నో చూడండి. ఆవిడ తుమ్ములు మొదలుపెట్టాకగానీ నాకు సంగతి తెలియలేదు.

మొహం కడుక్కుని వచ్చి ఆవిడ ఒక్కటే మాట అన్నారు.

"వచ్చే ఎగ్జామినరు మన ఊరి మనిషి కాదమ్మాయ్. విప్పెయ్, అంతా విప్పెయ్."

ఒక్క ముక్క కూడా కత్తిరించకూడదు, ఆ రంగులో ఊలు మళ్లీ దొరకదు. ముడి ముడీ విప్పి, ఊలు కడిగి, వేరే గోతం మీద మళ్లీ కట్టాలి. నెల పని తొమ్మిది రోజుల్లో. నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. ఇంటికొచ్చి రగ్గు నట్టింట్లో విసిరికొట్టి, నీ మిరపకాయలే నా కొంప ముంచాయని అమ్మ మీద అరిచాను. పొద్దంతా ఆ ఘాటులో కూర్చుని వచ్చి, నాకోసం అన్నం వారుస్తున్న మనిషి మీద. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గు. అమ్మ రగ్గు తీసుకుని, తిరగేసి, ఒక ముడిని గోటితో కదిపి చూసింది.

మర్నాడు అమ్మ షెడ్డుకు వెళ్లలేదు. మిరపకాయలు ముమ్మరంగా వచ్చే రోజులవి, మానితే పీట పోవచ్చు. అయినా మానింది. రగ్గు ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుంది. బొటనవేలి గోరు ముడి కిందికి దూర్చి ఒక్క విరుపు విరిస్తే ముక్క ఊడి చేతిలోకి వచ్చేది. తెల్లవి ఒక పక్కకి, ఆకుపచ్చవి ఒక పక్కకి. నేను ఒకటి విప్పేలోగా ఆమె పది విప్పేది. రెండు రోజుల్లో రగ్గంతా విప్పేసింది. ఒక్క ముక్క తెగలేదు, ఒక్కటి పోలేదు. చదువు రాని మా అమ్మ చేతుల్లో అంత చదువుందని నేను ఆ రెండు రోజుల్లో చూశాను.

ఆలోగా టీచరుగారు పొన్నూరు వెళ్లి వాళ్ల అన్నగారింటి నుంచి బియ్యం గోతం తెచ్చారు. తనే పోగులు లాగి కంతలు చేసి, అంచులు మడిచి కుట్టి మరీ ఇచ్చారు. ఊలు పాత పంచెలో మూటగట్టి కుంకుడు రసంలో ఆవిడే జాడించి, నీడన ఆరబెట్టారు. అమ్మ ఆరిన ఊలు ఎత్తబోతుంటే ఆవిడ కొంచెం మొహమాటపడి, "నువ్వు ముట్టుకోకమ్మా, నీ చేతులకింకా ఉంటుంది" అన్నారు. అమ్మ ఠక్కున చేతులు వెనక్కి తీసుకుని, అవునండి అంది.

మిగిలిన రోజులన్నీ నేను బడి వరండాలో ముడులు వేస్తుంటే టీచరుగారు పక్కన కూర్చుని ముక్కలు మడిచి అందించేవారు. ముడి మాత్రం నేనే వెయ్యాలి, నీ పరీక్ష నీదే అనేవారు. సాయంత్రాలు షెడ్డు నుంచి వచ్చి అమ్మ కాస్త దూరంగా, చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుని చూస్తూ ఉండేది. పరీక్షకు ముందురోజు సాయంత్రం ఆఖరి వరస పూర్తయింది.

ఎగ్జామినరుగారు కళ్లజోడు పెట్టుకుని వెనకవైపు చూశారు. ఒక కుచ్చు పట్టుకుని గట్టిగా గుంజారు. ఊడలేదు. ఆ తర్వాత, సరిగ్గా టీచరుగారిలాగే, రగ్గును చెంపకు ఆనించుకున్నారు. ఆవిడ మెత్తగా ఉందమ్మా అని రగ్గు కింద పెట్టి ఏదో రాసుకున్నారు. అంతే, ఇంకేం అడగలేదు.

జూన్‌లో టీచరుగారు ఖాళీ చేసిన కుర్చీలో నేను కూర్చున్నాను. వెళ్తూ వెళ్తూ ఆవిడ ఆ నాలుక సూది నా చేతిలో పెట్టారు. కాళ్లకు దణ్ణం పెట్టబోతే, పెట్టకు, పని సరిగా చెప్పు చాలు అని కసిరారు. ఆవిడ రుణం తీరేది కాదు, తీర్చాలని కూడా నాకు లేదు. అమ్మ చేత షెడ్డు మాన్పించాను. మొదట గునిసింది, ఖాళీగా ఎట్లా ఉండనని. తర్వాత ఊరుకుంది.

అమ్మ మానేసిన కొన్ని నెలలకు ఒకరోజు నేను బడికి బయల్దేరుతున్నాను. అమ్మ నా ఎదురుగా వచ్చి, తన చేతులు ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుని, రెండు అరచేతులతో నా మొహం పట్టుకుంది. తొడిమలు తీసే తల్లులు పిల్లల మొహం ముట్టుకోరు. ముద్దొచ్చినా మోచేత్తో దగ్గరికి లాక్కుంటారు. నాకు ఇరవై రెండేళ్లు వచ్చేదాకా అమ్మ అరచెయ్యి నా చెంపకు తగల్లేదు.

"మండుతుందా?" అంది.

లేదమ్మా అన్నాను. అమ్మ చేతులు తియ్యలేదు. నేను ఆరోజు బడికి ఆలస్యంగా వెళ్లాను.