పాప ఎలా ఉందని అడిగిన పెద్దమ్మ

నా చిన్నప్పటి సంగతుల్లో, మా పెద్దమ్మ ఇంగ్లండ్ నుంచి న్యూజెర్సీకి వచ్చిన ఏప్రిల్ నెల ఒక్కటే నాకు మొదటినుంచి చివరిదాకా గుర్తుంది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అంతకుముందు చలికాలంలో అమ్మకు ఎనిమిదో నెలలోనే కాన్పయింది. పాప పుట్టేసరికే ప్రాణం లేదు. అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చేలోగా నాన్న, పక్కింటి ఆంటీ కలిసి పాప కోసం కొన్న క్రిబ్ మంచాన్ని విప్పి షాపులో తిరిగి ఇచ్చేశారు. చిన్న బట్టలు ఎవరికో పంపేశారు. చూస్తే మరిచిపోవడం కష్టమని పెద్దవాళ్లు ఫోన్‌లో చెప్పడంతో అమ్మ పాపను చూడలేదు. అందరూ మంచికే చేశారు.

తర్వాత అమ్మ మాట్లాడడం దాదాపు మానేసింది. నాకు లంచ్ బాక్స్ పెట్టేది, బస్సెక్కించేది. నేను స్కూల్ నుంచి వచ్చేసరికి పాప కోసం సిద్ధం చేసి ఖాళీ చేసిన గదిలో సొరుగులు తెరిచి, మూసి, మళ్లీ తెరుస్తూ ఉండేది. ఏం వెతుకుతున్నావని అడిగితే ఏమీ లేదనేది. అమ్మ ఇక ఇలాగే ఉండిపోతుందేమోనని నాకు భయంగా ఉండేది. ఇంట్లో పాప మాట ఎత్తకూడదని నాతో ఎవరూ అనలేదు గాని, ఆ సంగతి నాకు తెలుసు.

పెద్దమ్మ అంటే అమ్మకు అక్క. ఇంగ్లండ్‌లో ఒక పల్లె ప్రాంతంలో మిడ్‌వైఫ్‌గా పనిచేసేది. ఇళ్లకు వెళ్లి కాన్పులు చేయడం ఆమె ఉద్యోగం. సెలవు రోజుల్లో ఆ పొలాల్లో ఒక్కతే మైళ్లకొద్దీ నడిచేదట. మా ఇంటికి వచ్చిన మర్నాడే నన్ను వెంటబెట్టుకుని నడకకు బయల్దేరింది. మా రోడ్డుకు ఫుట్‌పాత్ లేదు. అంచున నడుస్తుంటే ఒకావిడ కారు ఆపి, మీ కారు పాడైందా అని అడిగింది. తర్వాత ఇంకొకాయన కూడా ఆగి అదే అడిగాడు. మీ ఊళ్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నడవరా అని పెద్దమ్మ నన్నడిగింది.

ఆ శనివారం అందరం బయటికి వెళ్లి తీరాలని పట్టుబట్టింది. నాన్న గంటకు పైగా డ్రైవ్ చేసి పొలాలున్న వైపు తీసుకెళ్లాడు. అమ్మ ముందు సీట్లో కోటు గుండీలు కూడా విప్పకుండా కూర్చుంది. ఒకచోట కారు ఆపించి పెద్దమ్మ దిగింది. చెక్క గేటు తీసి, నన్ను లోపలికి రానిచ్చి, గేటు మళ్లీ జాగ్రత్తగా మూసి, పొలానికి అడ్డంగా నడవడం మొదలుపెట్టింది. ఇంగ్లండ్‌లో పొలాల మీదుగా పాత కాలిబాటలు ఉంటాయనీ, వాటి మీద నడిచే హక్కు అందరికీ ఉంటుందనీ, వెళ్లేవాళ్లు గేటు మూస్తే చాలనీ నాకు చెబుతూ నడిచింది. సగం దాటకముందే ఒక పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. అందులోని ముసలాయన ఇది తన సొంత స్థలమన్నాడు. నాన్న పరుగున వచ్చి సారీ చెప్పాడు. పెద్దమ్మ ఆయన్ని అక్కడ మేస్తున్న గొర్రెల గురించి అడగబోతే ఆయన గేటు చూపించాడు.

కారెక్కాక నాన్న, "ఇది మీ ఇంగ్లండ్ కాదు వదినగారూ. ఇక్కడ షూట్ చేస్తారు," అన్నాడు.

"గేటు మూశానుగా," అంది పెద్దమ్మ.

నాన్న ఇంకా కారు స్టార్ట్ చేయలేదు. పెద్దమ్మ గొర్రెల గురించి మాకే చెప్పసాగింది. ఒకసారి తన నడకలో, చనిపోయిన పిల్ల పక్కన నిలబడి ఉన్న ఒక గొర్రెను చూసిందట. పిల్లను తీసేయవెందుకని రైతును అడిగితే, వెంటనే తీసేస్తే తల్లి పొలమంతా తిరిగి వెతుకుతుందనీ, కాసేపు వదిలేస్తే వాసన చూసి, నాకి, తనంతట తానే పక్కకు వెళ్తుందనీ అన్నాడట. ప్రాణం లేకుండా పుట్టిన బిడ్డల విషయంలో తను కూడా తొందరపడదట. స్నానం చేయించి, బట్టలు వేసి, తల్లి చాలని అనేదాకా ఆమె దగ్గరే ఉంచుతుందట. ఇదంతా ఆమె గొంతు పెంచకుండా, తగ్గించకుండా చెప్పింది.

ఆ తర్వాత, "మరిదిగారూ, మీరు చూశారు కదా. పాప ఎలా ఉంది?" అని అడిగింది.

"ఇప్పుడెందుకండీ అవన్నీ," అన్నాడు నాన్న.

"చెప్పండి," అంది అమ్మ.

నాన్న స్టీరింగ్ వదల్లేదు. "జుట్టు బాగా ఉంది. నల్లగా. నర్స్ ఎత్తుకోమంటే ఎత్తుకున్నాను. చెవి పైన మడత ఉంది, నీకు ఉన్నట్టే."

"ఏ చెవి?" అని అడిగింది అమ్మ.

"కుడిది."

"ఎంతసేపు ఎత్తుకున్నారు?"

"ఎక్కువసేపు లేదు. ఫోన్ మోగింది. నర్స్‌కి ఇచ్చేశాను."

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ కోటు విప్పి ఒళ్లో పెట్టుకుంది. సొరుగులు తెరవడం ఒక్కరోజులో మానలేదు. కాని ఆ వారంలోనే స్కూల్లో ఏం చేశావని నన్నడిగింది. భోజనాల దగ్గర నాన్నను మళ్లీ పాప గురించి అడిగేది. అవే ప్రశ్నలు. నాన్న ప్రతిసారీ ఓపిగ్గా అవే జవాబులు చెప్పేవాడు. నాకు ఒక చెల్లెలు పుట్టిందని నిజంగా అనిపించింది ఆ జవాబుల వల్లే.

అప్పటినుంచి, మనిషి పోయిన ఇంటికి వెళ్తే నేను ధైర్యం చెప్పను. ఆ మనిషి ఎలా ఉండేవారని అడుగుతాను. కొందరికి అది నచ్చదు. కొందరు చెబుతారు. పోయిన ఏడాది నాన్న పోయినప్పుడు నేను సమయానికి చేరలేకపోయాను. నాకు ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాలేదు. వచ్చినవాళ్లందరూ వెళ్లాక అమ్మ పక్కన కూర్చుని, చివర్లో నాన్న ఎలా ఉన్నాడని అడిగాను. నాన్న పోయిన రోజు ఉదయం నుంచి మొదలుపెట్టి అమ్మ చెప్పింది. పూర్తయ్యేదాకా నేను లేవలేదు.